మంచినీళ్ళడిగి కొన్న ఇల్లు

ఇప్పుడు వేలంపాటలన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. మంచం దిగకుండా ఇల్లు చూడొచ్చు. గదిగదికీ ఫొటోలు పెడతారు. ధర పెంచాలంటే వేలితో ఒక్క నొక్కు చాలు. నేను ఈ పని మీదే బతుకుతున్నాను కాబట్టి దీన్ని తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిడతాను. నాకు ఈ పని నేర్పిన మనిషి ఫొటో చూసి ఇల్లు కొనేవాణ్ణి అసలు మనిషి కింద జమ కట్టేవాడు కాదు. ఆయన మా బాబాయ్. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అప్పు తీర్చలేనివాళ్ళ దగ్గర బ్యాంకు జప్తు చేసిన ఇళ్ళను వెతుక్కుంటూ, ఆయనా నేనూ స్కూటర్ మీద తిరిగి గోడల మీంచి తొంగిచూసిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది బాబాయ్, పిన్నీ. వాళ్ళకి పిల్లలు లేరు, సొంతిల్లూ లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దె కొంపలే. నేనప్పుడు ఒక వార్తాపత్రిక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. బ్యాంకుల వేలం ప్రకటనలు చీమ తలకాయంత అక్షరాల్లో వచ్చేవి. వాటిని చదివేవాళ్ళు లోకంలో నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఒక రోజు అన్నం తింటూ, ఫలానా ఇంటికి బ్యాంకు పెట్టిన కనీస ధర ఆ వీధిలో మామూలు ధరకంటే ఎంత తక్కువో మాటవరసకి చెప్పాను. బాబాయ్ ముద్ద నోట్లో పెట్టుకోవడం మానేశాడు.

"కొని, బాగుచేసి, అమ్మేస్తే?" అన్నాడు.

రిటైరయ్యాక ఆయనకి కాలూ చెయ్యీ ఆడేది కాదు. గుమ్మం దగ్గర ఒక చెయ్యి పైకి పెట్టి ద్వారబంధం పట్టుకుని నిలబడేవాడు. "ఆ గుమ్మం వదలండి, ఇక్కడెవరూ దిగట్లేదు" అని పిన్ని విసుక్కునేది. అలాంటి మనిషికి ఈ ఇళ్ళ పిచ్చి పట్టుకోగానే మళ్ళీ డ్యూటీలో చేరినంత కళ వచ్చింది.

పిన్ని ఒప్పుకుంది కానీ ఊరికే ఒప్పుకోలేదు. "ఒక్క ఇల్లు. లాభమొస్తే ఇంకోటి సంగతి చూద్దాం. నష్టమొచ్చిందా, వేలం అన్న మాట ఇక నా చెవిన పడకూడదు" అంది. ఆవిడ భయంలో న్యాయం ఉంది. బాబాయ్ పింఛను ఇంటి అద్దెకే సరిపోయేది. మిగతా బతుకంతా రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ము మీదే గడవాలి. అది మునిగితే ముసలితనంలో ఇద్దరికీ దిక్కు నేనే. నా జీతం సంగతి అందరికన్నా పిన్నికే బాగా తెలుసు.

అప్పట్లో చాలా బ్యాంకులు తాళం తీసి లోపల చూపించేవి కావు. ప్రకటనలో "ఉన్నది ఉన్నట్టుగా" అని ఒక ముక్క రాసేవారు. తర్వాత గోడ కూలినా, గదిలో పాము కనిపించినా మాకు సంబంధం లేదని దానర్థం. లోపలికి వెళ్ళకుండా లోపల ఎలా ఉందో తెలుసుకోవాలి. దానికి బాబాయ్ ఒక పద్ధతి కనిపెట్టాడు. పక్కింటి తలుపు తట్టి మంచినీళ్ళడగడం.

"ఎవరైనా మంచినీళ్ళు కాదనరు. ఇచ్చాక గ్లాసు తీసుకునేదాకా మన ముందే నిలబడాలి. ఆ నిలబడే కాసేపే మనకి కావాల్సింది" అనేవాడు.

ఆయన నీళ్ళు తాగే తీరు చూడాలి. ఒక గుక్క తాగేవాడు, ఆ ఇంటి సంగతి అడిగేవాడు, మీసం తుడుచుకునేవాడు, ఇంకో గుక్క. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆ వీధి చరిత్ర మొత్తం బయటపడేది. ఒక ఇంటి మీద అన్నదమ్ములు కోర్టుకెక్కారని అలాగే తెలిసింది. ఇంకో ఇంటికి ఏళ్ళ తరబడి కరెంటు బిల్లు కట్టలేదని, అది కొన్నవాడి నెత్తినే పడుతుందని అలాగే తెలిసింది. నీళ్ళు ఉప్పగా ఉన్నాయో తియ్యగా ఉన్నాయో అదనపు సమాచారం. నాకొద్దన్నా నాకూ ఒక గ్లాసు తప్పేది కాదు. పొట్టలో నీళ్ళు గలగలమంటుంటే గతుకుల రోడ్ల మీద స్కూటర్ వెనక కూర్చుని ఇల్లు చేరడం ఎంత నరకమో ఆయనకి ఏనాడూ అర్థం కాలేదు. ఆ నరకం ఇప్పుడెవరైనా ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకుంటాను.

అలా ఎన్నో ఇళ్ళు చూసి, వద్దనుకుని, చివరికి ఒక సన్నటి వీధి చివర ఉన్న చిన్న డాబా దగ్గర ఆగాం. ఆకుపచ్చ కిటికీలు, ముందు గది, వంటిల్లు, వెనక ఒక గది. పక్కన ఒకాయన ఇస్త్రీ బండి పెట్టుకుని బట్టలు రుద్దుకుంటున్నాడు. ఆయన వాకిట్లో ఒక బక్కపల్చటి ఆవిడ మెట్టు మీద కూర్చుని ఉంది. బాబాయ్ మంచినీళ్ళడిగితే చప్పున లేచి లోపలికెళ్ళి రెండు గ్లాసులతో వచ్చింది.

బాబాయ్ ఒక గుక్క తాగి, ప్రతి చోటా అడిగే ప్రశ్నే అడిగాడు. "అమ్మా, ఆ ఇంట్లో పొద్దుటెండ ఏ గదిలో పడుతుంది?"

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత గేటుకి ఆనుకుని, తీరిగ్గా మొదలుపెట్టింది.

"వంటింట్లో పడుతుంది అన్నగారూ. ఆ ఇంటావిడ పొద్దున్నే లైటు వెయ్యకుండానే పొయ్యి వెలిగించుకునేది. ముందు తలుపు బిగుసుకుంటుంది, కొంచెం పైకెత్తి తొయ్యాలి. ఆ ఇంటావిడ భుజంతో ఒక్క తోపు తోసేది. వెనక గదిలో మధ్యాహ్నం నడుం వాలిస్తే లేవబుద్ధి కాదు, అంత చల్లగా ఉంటుంది."

"ఆవిడ మీకు బాగా తెలుసా?" అన్నాను.

"తెలియకేం" అని నవ్వింది. "వాళ్ళాయన వ్యాపారం కోసం ఇల్లు తాకట్టు పెట్టాడు. ఆయనా పోయాడు, వ్యాపారమూ పోయింది. మీరెంతమంది ఇంట్లో?"

"నేనూ, మా ఆవిడా, ఈ పిల్లా" అన్నాడు బాబాయ్.

ఆవిడ గ్లాసులు అందుకుని, "సరిగ్గా సరిపోతుంది" అంది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా బాబాయ్ నోరు విప్పలేదు. ఇల్లు నచ్చిందన్నమాట. నచ్చడం మా వ్యాపారానికి మంచిది కాదని ఆయనే నాకు పాఠాలు చెప్పేవాడు. నచ్చినదాని కోసం చెయ్యి లేస్తూనే ఉంటుంది కాబట్టి, ఎంతవరకు పాడాలో ఇంటి దగ్గరే అనుకుని వెళ్ళాలి, ఆ గీత దాటకూడదు. గీత కాపాడే పని నాది.

దానికి మాకొక సంకేతం ఉండేది. బస్సులో ఒక విజిలంటే ఆపు, రెండంటే పోనీ. బ్యాంకులో విజిల్ ఊదితే బయటికి గెంటుతారు కాబట్టి దగ్గు అనుకున్నాం. ఒక దగ్గు ఆపు, రెండు దగ్గులు పోనీ.

వేలం బ్యాంకు మేడ మీద గదిలో జరిగింది. పాడటానికి ముందుగా ధరావతు సొమ్ము కట్టినవాళ్ళం కొద్దిమందిమే. అందులో మేం గోడౌనాయన అని పిలుచుకునే మనిషి ఒకడు. పాత ఇళ్ళు కొని, పడగొట్టి, గోడౌన్లు కట్టేవాడు. మేం ఊరికే చూడ్డానికి వెళ్ళిన ఏ వేలంలోనూ కుర్చీలో కూర్చునేవాడు కాదు, నిలబడే పాడేవాడు. ఆ వేళ మాత్రం ఎందుకో అనుమానంగా, ఆగి ఆగి పాడుతున్నాడు. పాట మా గీత దగ్గరికొచ్చింది. నేను ఒకసారి దగ్గాను, గట్టిగా, స్పష్టంగా. సరిగ్గా అప్పుడే ఆఫీసరు ఉక్కపోస్తోందని ఫ్యాను వెయ్యమన్నాడు. ఆ ఫ్యాను ఎన్నాళ్ళుగా తిరగలేదో ఏమో, రెక్కల మీది దుమ్మంతా నా నెత్తిన పడింది. నా ప్రమేయం లేకుండా రెండో దగ్గు వచ్చేసింది.

బాబాయ్ చెయ్యి పైకి లేచింది. చెయ్యి లేస్తే లేచింది, "రైట్" అని పైకి అన్నాడు కూడా. గదిలో అందరూ వెనక్కి తిరిగారు. గోడౌనాయన తల గోక్కుని, నేల వైపు చూసి, జీవితంలో మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. ఆఫీసరు మూడుసార్లు చెప్పి బల్ల మీద తట్టాడు.

మెట్లు దిగుతూ బాబాయ్ అడిగాడు. "రెండోసారి ఎందుకు దగ్గావ్?"

"దుమ్ము, బాబాయ్."

ఆయన మెట్టు మీదే ఆగిపోయాడు. "అంటే దుమ్ముకి టికెట్ కొట్టేశామన్నమాట" అన్నాడు. ఇద్దరం గోడ పట్టుకుని నవ్వాం. అంత నవ్వు మళ్ళీ నేనెప్పుడూ నవ్వలేదు. గీత దాటేశామని ఇద్దరికీ తెలుసు.

మిగతా సొమ్ము కట్టి తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్ళాం. జప్తయిన ఇంట్లో కడుపుమంట కొద్దీ కుళాయిలూ స్విచ్చులూ పీక్కుపోయినవాళ్ళ కథలు మేం ఎన్నో విని ఉన్నాం. ఇక్కడ కుళాయిలు తోమి ఉన్నాయి. నేల కడిగి ఉంది. ఆవిడ చెప్పినట్టే ముందు తలుపు పైకెత్తి తొయ్యాల్సి వచ్చింది, ఆవిడ చెప్పినట్టే ఎండ వంటింట్లోకి వచ్చి కూర్చుంది. వెనక గదికి కొత్తగా సున్నం వేసి ఉంది. ఇంటి మొత్తంలో ఆ ఒక్క గదికే సున్నం ఎందుకు వేశారని, తప్పులు పట్టడమే వృత్తి అయిన నాకు కూడా తట్టలేదు.

మొదటి వానకే తెలిసింది. వెనక గది కప్పు నుంచి మంచమంత పెచ్చు ఊడి పడింది. పైన ఇనుప చువ్వలు తుప్పు పట్టి, వేలితో గీకితే రాలుతున్నాయి. మేస్త్రీని తీసుకొచ్చాం. ఆయన పైకి చూసి, మా ఇద్దరి మొహాలు చూసి, "ఈ గదికి కప్పు మొత్తం తీసి కొత్తది వెయ్యాలి. అతుకులతో పోయేది కాదు" అన్నాడు. దగ్గు వల్ల ఎక్కువ పెట్టింది ఒకెత్తు, ఈ కప్పు ఒకెత్తు. బాగుచేసి అమ్మితే లాభం మాట దేవుడెరుగు, అసలు కూడా తిరిగి రాదు.

ఇంటికెళ్ళి చెబితే పిన్ని బ్యాంకు పుస్తకం పెట్టెలో పెట్టి తాళం వేసింది. అరిచి ఉంటే బాగుండేది. ఆవిడ అప్పటిదాకా ఆ ఇంటిని చూడను కూడా చూడలేదు. రమ్మంటే, "అమ్మేసే ఇంటిని చూసి ఏం చేసుకోను" అనేది.

ఆ వారంలోనే గోడౌనాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మేం పెట్టినదాని మీద ఇంకొంత కలిపి ఇస్తానన్నాడు.

"కప్పుతో నాకేం పని, ఎలాగూ పడగొట్టేదే. అసలు వేలంలోనే వదిలేవాణ్ణి కాదు. అక్కడెవరో ఆడమనిషి మంచినీళ్ళిస్తూ ఆ నేల కుంగిపోతోందని చెప్పింది. నమ్మి ఆగిపోయాను. తర్వాత మనిషిని పెట్టి చూపిస్తే నేల రాయిలా ఉందన్నాడు" అన్నాడు. ఆలోచించుకుని చెప్పమని వెళ్ళిపోయాడు.

నాకు ఆలోచించడానికి ఏమీ కనిపించలేదు. మునిగిపోతున్నవాళ్ళని ఒడ్డుకి లాగడానికి వచ్చిన మనిషి. పిన్ని సొమ్ము పిన్నికి దక్కుతుంది. బాబాయ్ మాత్రం చెప్పులేసుకుంటూ, "ముందు ఆ మంచినీళ్ళిచ్చిన ఆవిడతో మాట్లాడాలి" అన్నాడు. నేనూ బయల్దేరాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. చల్లటి గదట, లేవబుద్ధి కాదట, నాలుగు కడిగేసి రావాలనుకున్నాను.

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి మా మాట విన్నాడు. "మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరు సార్. మీరు చెప్పే ఆవిడ ఆ ఇంటావిడే."

"ఏ ఇంటావిడ?" అన్నాను. అంటూనే నాకు అర్థమైంది.

"బ్యాంకువాళ్ళు తాళం వేశాక కూడా రోజూ వచ్చి మా మెట్టు మీద కూర్చునేది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు నేనిస్తాలే, నువ్వు పని చేసుకో అనేది. మీరు కొన్నాక మళ్ళీ రాలేదు. ఇప్పుడు బజారులో టైలర్ షాపులో చేస్తోంది."

షాపు వెనక గదిలో బట్టల కుప్ప ముందు కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. పెదాల మధ్య సూది తీసి, "కప్పు పడిందా?" అంది.

"పడింది" అన్నాడు బాబాయ్.

"ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా?"

"లేదమ్మా. మాకు చెప్పాల్సింది కదా?"

"చెప్తే కొనేవారా?"

"కొనేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు. బ్యాంకువాళ్ళు తాళం వెయ్యకముందే ఉన్న గొలుసమ్మి ఆ గదికి సున్నం వేయించాను." ఆవిడ గొంతులో తడబాటు లేదు. "వచ్చినవాళ్ళంతా స్థలం ఎంత, లారీ తిరుగుతుందా, ఎన్నాళ్ళలో పడగొట్టొచ్చు అని అడిగారు అన్నగారూ. వాళ్ళకి నోటికొచ్చిన అబద్ధాలన్నీ చెప్పి పంపించేశాను. మీరొక్కరే పొద్దుటెండ ఎక్కడ పడుతుందని అడిగారు. ఉండేవాళ్ళే కదా అది అడిగేది."

బాబాయ్ ఊరుకోవచ్చు. తప్పు ఆవిడది, మాట ఆవిడే ఒప్పుకుంది. కానీ మా బాబాయ్‌కి ఎవరికీ చిల్లర ఎగ్గొట్టిన చరిత్ర లేదు.

"అమ్మా, నేను ఉండటానికి అడగలేదు. అమ్మేటప్పుడు గొప్పగా చెప్పుకోవచ్చని అడిగాను" అన్నాడు.

ఆవిడ కూర్చుని చొక్కా చేతిలోకి తీసుకుంది.

"అలాగా" అంది. "గోడౌనాయనకేనా ఇచ్చేది?"

బాబాయ్ కింద పడ్డ గుండీ ఒకటి తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"మీ డబ్బు, మీ ఇష్టం అన్నగారూ. నేను చేసింది కూడా మోసమే. నాకు మిమ్మల్ని అనడానికేం లేదు." ఆ తర్వాత తల ఎత్తలేదు. గుండీ కుట్టి, దారం పళ్ళతో కొరికి, ఇంకో గుండీ తీసుకుంది. నాలుగు కడిగేద్దామని వెళ్ళిన నేను ఆ వేళ్ళ వంకే చూస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. కోపమంతా ఎటు పోయిందో నాకు తెలియదు.

బయటికొచ్చి బాబాయ్ స్కూటర్ మీద కూర్చున్నాడు కానీ కిక్ కొట్టలేదు. "మనం ఇంటిని చూశామనుకున్నాం. ఆవిడ మనల్ని చూసింది. అటు ఆవిడా, ఇటు మనమూ పప్పులో కాలేశాం" అన్నాడు.

"ఇప్పుడేం చేద్దాం?"

"మీ పిన్నిని ఒకసారి తీసుకొద్దాం. అది ఏమంటే అదే."

ఇంటికెళ్ళి దాచకుండా అంతా చెప్పాడు. ఆవిడ సున్నం సంగతీ, గుండీల సంగతీ కూడా. పిన్ని బట్టలు మడతపెడుతూ విని, దీపం ఆర్పేసింది. మర్నాడు పొద్దున తనే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

ముగ్గురం ఆ ఇంటికి వెళ్ళాం. బాబాయ్ తలుపు పైకెత్తి తోశాడు. పిన్ని ముందు గది చూసింది, వెనక గది గుమ్మంలోంచే పైకి చూసింది, చివరికి వంటింట్లోకి వచ్చి ఎండలో నిలబడింది. బాబాయ్ తప్పు చేసిన పిల్లాడిలా వెనకవెనకే తిరుగుతున్నాడు.

"అమ్మేస్తే మన సొమ్ము మనకొస్తుంది, పైన కొంత మిగులుతుంది కూడా. పిల్లకి బరువు కాకుండా వెళ్ళిపోతాం. ఉంచుకుంటే ఆ కప్పుకి ఉన్నదంతా ఊడుస్తుంది. ఇక నెలనెలా పింఛనే. నేను బలవంతం చెయ్యను. మాటిచ్చాను నీకు" అన్నాడు.

పిన్ని వింటోందో లేదో తెలియలేదు. వంటింటి తలుపు పక్కన గోడకి మొహం దగ్గరగా పెట్టి ఏదో చూస్తోంది. బొటనవేలి గోరుతో గోడని గీకి, ఆ గోరు వాసన చూసింది.

"సబ్బు" అంది.

నాకు అర్థం కాలేదు. బాబాయ్‌కి అర్థమైంది, తల దించుకున్నాడు. అద్దె ఇళ్ళలో ఇంటివాళ్ళు మొట్టమొదట చెప్పే మాట, గోడకి మేకు కొట్టకూడదని. మా పిన్ని ఇన్నేళ్ళూ సంచులు కిటికీ ఊచలకి తగిలించింది, అద్దం కుర్చీ మీద నిలబెట్టుకుని తల దువ్వుకుంది. ఎప్పుడైనా ఉండబట్టలేక దొంగతనంగా ఒక మేకు కొడితే, ఖాళీ చేసే రోజున అది పీకి, కన్నంలో తడిసబ్బు కూరి, పైన చదును చేసేది. ఇంటివాళ్ళు పట్టుకోలేరు. అది అద్దెకున్నవాళ్ళకే తెలిసిన విద్య.

పిన్ని గోడ పొడుగునా చేత్తో తడుముకుంటూ వెళ్ళింది. పొయ్యి పక్కన ఒకటి, కిటికీ పక్కన రెండు, ముందు గదిలో అద్దం ఉండే చోట ఒకటి. అన్నిటిలోనూ సబ్బే.

"సొంత ఇంట్లో కొట్టుకున్న మేకులు" అంది పిన్ని. "ఈ ఇంటావిడా మొదట అద్దెల్లో ఉన్న మనిషే. పాపం, వెళ్ళేటప్పుడు అన్నీ పూడ్చి వెళ్ళింది." కొంగుతో మొహం తుడుచుకుని బాబాయ్ వైపు చెయ్యి చాపింది. "మేకులున్నాయా?"

బాబాయ్ పరుగులాంటి నడకతో వెళ్ళి స్కూటర్ డిక్కీలోంచి పనిముట్ల సంచి తెచ్చాడు. పిన్ని తలుపు పక్కన మొదట కనిపించిన కన్నంలోనే మేకు పెట్టింది. దాన్ని అందుకోవడానికి మడమలు ఎత్తలేదు, వంగలేదు. సుత్తితో కొడుతుంటే చప్పుడు ఖాళీ గదులన్నిటిలోనూ వినిపించింది.

"ఏం తగిలిస్తావ్?" అన్నాడు బాబాయ్.

పిన్ని ఆ ప్రశ్న పట్టించుకోలేదు. మేకు ఊగుతుందేమోనని పట్టుకు చూసి, ఆ చేతిని అలాగే దాని మీద ఉంచి, నా వైపు తిరిగింది.

"ఆవిడ నా ఎత్తే ఉంటుంది కదే?" అంది.

"నీ అంతే ఉంటుంది, పిన్నీ" అన్నాను.

పిన్ని ఇంకో మేకు అడిగింది.